మున్సిపల్ ఈతకొలను, షటిల్ కోర్టులు, పార్కు నిర్వహణ కాలనీ కమిటీకి ఇస్తామంటున్నారు: మొదట ఎక్కడ చెయ్యి పెట్టాలి?

రైలుకట్ట_వీధి · గురువారం రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న చిన్న మున్సిపాలిటీ. ఎకరంన్నరలో ఒక విశ్రాంతి కేంద్రం ఉంది. 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న ఈతకొలను (లోతు ఒక చివర 0.9, ఇంకో చివర 1.5 మీటర్లు), రేకుల షెడ్డు కింద రెండు షటిల్ కోర్టులు, ఓపెన్ జిమ్, నడకబాట, పిల్లల ఆటస్థలం, రెండు మరుగుదొడ్ల బ్లాకులు.

ఇప్పటి పరిస్థితి: కొలను నీళ్ళు నెలకు రెండుసార్లు పచ్చబడుతున్నాయి. వాన పడితే రెండో కోర్టులో ఆట ఆగిపోతుంది. జిమ్‌లో పన్నెండు పరికరాలకు ఐదు బిగుసుకుపోయాయి. ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం. మూడేళ్ళ ఒప్పందం మీద కాలనీ కమిటీ చూసుకోవాలని ప్రతిపాదన వచ్చింది, మరమ్మతులకు ఒకసారి కొంత డబ్బు ఇస్తారట. కమిటీలో కొందరు కొత్త జిమ్ పరికరాలు, రంగుల ఫౌంటెన్ అంటున్నారు. మొదటి రూపాయి దేనిమీద పెట్టాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

లెక్కలపుస్తకం · గురువారం రాత్రి 9:50

రూపాయి సంగతి తర్వాత, ముందు సంతకం సంగతి. ఒప్పందం రాసుకునే ముందు మున్సిపల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), మీ కమిటీ కలిసి ఒకరోజు మొత్తం తిరిగి ఆస్తుల జాబితా రాయండి. ప్రతి వస్తువుకీ ఫొటో, ఇప్పుడు పనిచేస్తోందా లేదా అన్న మాట, రెండు సంతకాలు. అది లేకపోతే ఈరోజు విరిగి ఉన్న పంపు రేపు మీరు విరగ్గొట్టినట్టే లెక్క.

కమిటీ రిజిస్టరై ఉండాలి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద ఏడుగురుంటే చాలు, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర అవుతుంది. బ్యాంకు ఖాతా సొసైటీ పేరు మీదే, ఇద్దరి సంతకంతో. కౌన్సిల్ తీర్మానం నంబరు ఒప్పందం మొదటి పేజీలో ఉండాలి. అధికారులు మారిపోతారు, ఆ కాగితమే మిగులుతుంది.

ఇంకోటి గట్టిగా పట్టుకోండి. పార్కులు, తోటలు, ఆటస్థలాలు 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో ఉన్నాయి, పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనుల కింద. రోజువారీ నిర్వహణ మీకిచ్చినంత మాత్రాన బాధ్యత అంతా మీ నెత్తికి రాదు. కట్టడం, ప్రహరీ, ప్రధాన కరెంటు లైను, నీటి కనెక్షను మున్సిపాలిటీవి. ఆడించడం, శుభ్రత, చిన్న మరమ్మతులు మీవి. ఈ గీత ఎక్కడ పడుతుందో పేరుపేరునా రాయండి. «చిన్న మరమ్మతు» అంటే ఎన్ని వేల లోపు అన్నది కూడా అంకెల్లో.

శాండ్‌ఫిల్టర్ · గురువారం రాత్రి 10:31

కొలను గురించి నాలుగు ప్రశ్నలు. ఫిల్టరు వ్యాసం ఎంత, ఎన్ని ఉన్నాయి? పంపు రోజుకు ఎన్ని గంటలు నడుస్తోంది? క్లోరిన్‌కి ఏం వాడుతున్నారు? దేంతో పరీక్ష చేస్తున్నారు?

రైలుకట్ట_వీధి · శుక్రవారం ఉదయం 6:40

ఆపరేటర్‌ని అడిగాను. ఇసుక ఫిల్టరు ఒకటే, 900 ఎంఎం. పంపు ఉదయం 5 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 8. బ్లీచింగ్ పౌడరు పొద్దున్నే చల్లుతారు. పసుపు రంగు వచ్చే చుక్కల మందుతో చూస్తారు. సెలవుల్లో రోజుకు 200 మంది దిగుతున్నారు.

శాండ్‌ఫిల్టర్ · శుక్రవారం ఉదయం 8:05

మీ నీళ్ళు పచ్చబడటానికి కారణం ఈ నాలుగు జవాబుల్లోనే ఉంది. లెక్క చూడండి.

సగటు లోతు 1.2 మీటర్లు. 25 × 10 × 1.2 అంటే 300 ఘనపు మీటర్లు, మూడు లక్షల లీటర్లు. జనం వాడే కొలనులో మొత్తం నీళ్ళు ఆరు గంటలకోసారి ఫిల్టరు గుండా తిరగాలి. అంటే గంటకు 50 ఘనపు మీటర్లు. ఇసుక ఫిల్టరులో చదరపు మీటరుకు గంటకు 30 ఘనపు మీటర్లు దాటకుండా పంపితే నీళ్ళు బాగా వడకడతాయి. మీ 900 ఎంఎం ఫిల్టరు వైశాల్యం 0.64 చదరపు మీటర్లు, కాబట్టి గంటకు 19. మొత్తం తిరగడానికి దాదాపు పదహారు గంటలు పడుతుంది, మీరు నడిపేది ఎనిమిది. రోజూ సగం నీళ్ళు ఫిల్టరు మొహమే చూడట్లేదు.

పక్కన 1200 ఎంఎం ఫిల్టరు ఒకటి జతచేస్తే మొత్తం 1.77 చదరపు మీటర్లు అవుతుంది, సరిపోతుంది. పంపు గంటకు 50 ఘనపు మీటర్లు, 15 మీటర్ల హెడ్ (నీళ్ళను నెట్టే ఒత్తిడి) ఇవ్వాలి. సుమారు 5 హెచ్‌పీ. నా మాట వింటే మొదటి రూపాయి ఇక్కడే. అది వచ్చేదాకా పంపు రోజుకు కనీసం 16 గంటలు నడపండి, దిగేవాళ్ళని 70 మందికి కుదించండి. ఫిల్టరు మోయగలిగినంతే మనుషులు. ఈ మాట జనానికి నచ్చదు, అయినా బోర్డు మీద రాసి పెట్టాలి.

ఇక బ్లీచింగ్. పొద్దున్న చల్లితే మధ్యాహ్నానికి ఉండదు. మన ఎండలో రక్షణ లేని క్లోరిన్ గంట గడిచేసరికి సగానికి పైగా పోతుంది. సాయంత్రం జనం వెళ్ళాక వేసి, పంపు రాత్రి నడపండి. పౌడరును నేరుగా చల్లకూడదు. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు ముందు పోసి, పౌడరు తర్వాత కలిపి, గంట తేరనివ్వాలి. అడుగున సున్నపు మడ్డి దిగుతుంది, పైన తేట మాత్రమే కొలనులోకి పోవాలి. ఆ మడ్డే మీ ఫిల్టరు ఇసుకను గడ్డ కట్టిస్తుంది.

మోతాదు: 300 ఘనపు మీటర్లలో 1 పీపీఎం (లీటరుకు 1 మిల్లీగ్రాము) పెంచడానికి 300 గ్రాముల అసలు క్లోరిన్ కావాలి. 30 శాతం బలమున్న బ్లీచింగ్ అయితే కిలో, 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ అయితే 460 గ్రాములు. బస్తా విప్పి నెల దాటితే బలం పడిపోతుంది, లెక్క తప్పుతుంది. పెద్ద బస్తా చవకని కొనకండి.

చుక్కల మందు గురించి. ఆ పసుపు రంగు చెప్పేది మొత్తం క్లోరిన్. చెమటతో, మూత్రంతో కలిసి పనికిరాకుండా పోయిన క్లోరిన్ కూడా అందులోనే కలిసిపోతుంది. కళ్ళు మండుతున్నాయి, ఘాటు వాసన వస్తోంది అంటే క్లోరిన్ ఎక్కువైందని అందరూ అనుకుంటారు. తరచు అది ఈ చెడిపోయిన క్లోరిన్ వాసన, మంచి క్లోరిన్ చాలట్లేదని అర్థం. డీపీడీ మాత్రల కిట్టు కొనండి, రెండింటినీ విడిగా చూపిస్తుంది. స్వేచ్ఛా క్లోరిన్, అంటే ఇంకా పనిచేసే మంచి క్లోరిన్, 1 నుంచి 3 పీపీఎం మధ్య, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం చురుగ్గా ఉంటుంది, 8.5కి పోతే పదో వంతే. మన బోరు నీళ్ళకి తోడు బ్లీచింగ్ కూడా పీహెచ్‌ని పైకే లాగుతుంది. పీహెచ్ చూడకుండా బ్లీచింగ్ పోయడమంటే డబ్బు నీళ్ళలో కలపడమే.

కొత్తపట్నం_కెరటం · శుక్రవారం ఉదయం 9:22

ఇంత తంటాలెందుకు సార్, టీసీసీఏ అనే క్లోరిన్ మాత్రలు వేస్తే నెమ్మదిగా కరుగుతాయి, ఎండకీ తట్టుకుంటాయి. చాలా చోట్ల అవే వాడుతున్నారు కదా.

శాండ్‌ఫిల్టర్ · శుక్రవారం ఉదయం 9:58

వాడుతున్నారు, అందుకే రెండో వేసవికి ఎంత మందేసినా నీళ్ళు తేరడం లేదంటారు. టీసీసీఏతో 1 పీపీఎం క్లోరిన్ వేసిన ప్రతిసారీ 0.6 పీపీఎం సయాన్యూరిక్ ఆమ్లం కూడా చేరుతుంది. క్లోరిన్ ఖర్చైపోతుంది, ఇది ఎక్కడికీ పోదు. రోజుకు 2 పీపీఎం చొప్పున నెలకు 36 పీపీఎం. 30 నుంచి 50 వరకు మంచిదే, ఎండ నుంచి క్లోరిన్‌ని కాపాడుతుంది. 100 దాటితే క్లోరిన్ చేతులు కట్టేస్తుంది. అప్పుడు నీళ్ళు పారబోసి కొత్తవి నింపడం తప్ప దారి లేదు, వేసవిలో నీళ్ళ కరువున్న మన ఊళ్ళలో అది మోయలేని పని.

మధ్యేమార్గం ఉంది. సీజను మొదట్లో ఒక్కసారి 9 కిలోల సయాన్యూరిక్ ఆమ్లం వేస్తే మీ కొలనుకి 30 పీపీఎం వస్తుంది. ఆ తర్వాత రోజూ హైపోక్లోరైటే.

ఒక్క విషయం పెద్ద అక్షరాలతో గోడ మీద రాయండి: టీసీసీఏ మాత్రలూ హైపోక్లోరైట్ పౌడరూ ఒకే డబ్బాలో, ఒకే చెంచాతో ముట్టుకోకూడదు. కలిస్తే మంట, పేలుడు. పీహెచ్ తగ్గించడానికి వాడే ఆమ్లం, బ్లీచింగ్ ఒకే గదిలో పెట్టకూడదు. కలిస్తే విషవాయువు. ఆమ్లాన్ని నీళ్ళలో పోయాలి, నీళ్ళను ఆమ్లంలో కాదు.

కరెంటు_పని · శుక్రవారం మధ్యాహ్నం 1:15

నీళ్ళ గురించి చెప్పారు, నీళ్ళ పక్కనున్న కరెంటు సంగతి నేను చెప్తాను. దీనికి మాత్రం డబ్బు వచ్చేదాకా ఆగకూడదు.

పంపు గది పానెల్‌లో, పార్కు లైట్ల సర్క్యూట్‌లో, మరుగుదొడ్ల సర్క్యూట్‌లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి) విడివిడిగా ఉండాలి. అన్నిటికీ కలిపి ఒకటే పెడితే వానకి ఒక స్తంభంలో తడి చేరగానే మొత్తం కేంద్రం చీకటైపోతుంది, విసిగిపోయి ఎవరో ఒకరు దాన్ని తప్పించి నేరుగా వైరు కలిపేస్తారు. ప్రమాదం అలాగే వస్తుంది. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడండి, పడకపోతే మార్చేయండి. కొలను లోపలి దీపాలు 12 వోల్టులవే ఉండాలి, ట్రాన్స్‌ఫార్మర్ నీళ్ళకు దూరంగా.

లైటు స్తంభాల అడుగున చిన్న తలుపు ఉంటుంది. వాటి మూతలు పోయి లోపలి వైర్లు పిల్లల చేతికందే ఎత్తులో వేలాడటం ప్రతి పార్కులో కనబడుతుంది. మూతలు వేయించి స్క్రూలు బిగించండి. ఎర్త్ పిట్‌లో వేసవిలో వారానికోసారి నీళ్ళు పోయాలి, ఎండిన నేలలో ఎర్త్ పనిచేయదు.

బిల్లు విషయం: 5 హెచ్‌పీ పంపు 16 గంటలు నడిస్తే నెలకు సుమారు 1,800 యూనిట్లు. కోర్టు లైట్లు 100 వాట్లవి పన్నెండు, ఆరు గంటలు వెలిగితే 216. కాబట్టి లైట్లు ఆర్పి పొదుపు చేశామనుకుంటే లాభం లేదు, బిల్లంతా పంపుదే. ఫిల్టరు మురికిపట్టి ఒత్తిడి పెరిగితే పంపు అంతే కరెంటు తాగి సగం నీళ్ళే ఇస్తుంది.

శాండ్‌ఫిల్టర్ · శుక్రవారం మధ్యాహ్నం 1:40

పై మాటకి జత. ఫిల్టరు శుభ్రంగా ఉన్నప్పుడు ఒత్తిడి గేజీలో ఎంత చూపిస్తుందో స్కెచ్ పెన్నుతో అద్దం మీద గీత గీయండి. దానికంటే అర కిలో (చదరపు సెంటీమీటరుకు) పెరిగితే బ్యాక్‌వాష్, అంటే నీళ్ళు వెనక్కి పంపి ఇసుక కడగడం. పంపు ఆపిన తర్వాతే ఫిల్టరులో నీళ్ళ దారి మార్చే మల్టీపోర్ట్ వాల్వ్ పిడిని కిందికి నొక్కి తిప్పాలి. పంపు నడుస్తుండగా తిప్పితే లోపల చక్రంలా ఉండే రబ్బరు గాస్కెట్టు ఒక ఆకు దగ్గర చిట్లుతుంది. ఆ తర్వాత వాల్వ్ ఏ స్థానంలో ఉన్నా డ్రైను పైపులోంచి సన్నగా నీళ్ళు కారుతూనే ఉంటాయి. కొలను లీకవుతోందని తవ్వకాలు మొదలుపెట్టేది తరచు ఈ గాస్కెట్టు వల్లే.

నిజంగా లీకేనా అని చూడాలంటే మెట్టు మీద బకెట్టు పెట్టి కొలను నీళ్ళే పోసి, లోపలా బయటా మట్టం గీయండి. పంపు ఆపి ఇరవై నాలుగు గంటలు ఆగండి. ఎండకి రెండూ సమానంగా తగ్గాలి. మండువేసవిలో రోజుకు 6 ఎంఎం తగ్గితే మీ కొలనులో 1,500 లీటర్లు ఆవిరైనట్టు, అది మామూలే. బయట ఎక్కువ తగ్గితేనే లీకు.

ఒంగోలు_షటిల్ · శుక్రవారం రాత్రి 8:47

రెండో కోర్టు కారుతోందన్నారు. రేకు మార్చాలని ఎస్టిమేటు వేయించకండి, ముందు స్క్రూలు చూడండి. రేకును పట్టుకునే ప్రతి స్క్రూ కింద నల్ల రబ్బరు వాషర్ ఉంటుంది. ఏడెనిమిదేళ్ళ ఎండకి అది బిళ్ళలా గట్టిపడి మధ్యకి చీలిపోతుంది. స్క్రూ తల చుట్టూ తుప్పు మరక వలయంలా కనబడితే అదే కారే చోటు. ఒక సైజు పెద్ద స్క్రూ, కొత్త ఈపీడీఎం రబ్బరు వాషర్‌తో బిగిస్తే తొంభై పాళ్ళు కారడం ఆగిపోతుంది. మరీ బిగిస్తే వాషర్ నలిగి మళ్ళీ కారుతుంది, వాషర్ కొంచెం ఉబ్బగానే ఆపాలి. ఈ పని అక్టోబరు వానలకు ముందే ముగించండి. నెల్లూరు వైపు అసలు వాన ఈశాన్య రుతుపవనాలదే.

రెండో కారణం కారడం కాదు, చెమ్మ. చలికాలం తెల్లవారుజామున రేకు కింద మంచు పట్టి బొట్లుబొట్లుగా పడుతుంది. రేకు అంచున గాలి పోయే సందు లేకపోతే ఇలా అవుతుంది. చూరు దగ్గర జాలీ, పైన తిరిగే టర్బో వెంటిలేటర్లు పెడితే తగ్గుతుంది. కోర్టు మీద గాలి నేరుగా కొట్టకుండా జాలీని మనిషి ఎత్తుకి పైనే పెట్టాలి, లేకపోతే కాక్ పక్కకు పోతుంది.

నేల ఏంటి మీది? సిమెంటు మీద నేరుగా సింథటిక్ మ్యాటు పరిస్తే మోకాళ్ళు పోతాయి. కింద చెక్క ఫ్రేము ఉండాలి. చెక్క పెట్టాలంటే ముందు నేలకి, గోడ మొదళ్ళకి చెదల మందు. మన ఎర్రనేలల్లో అది లేకుండా పెట్టిన ఫ్రేము రెండేళ్ళు ఆగదు. లైట్లు కోర్టు పైన కాదు, రెండు పక్కలా గీతలకు బయట ఉండాలి. కాక్ కోసం తల ఎత్తినవాడి కళ్ళలో దీపం పడకూడదు. వెనక గోడకి ముదురు ఆకుపచ్చ, మెరుపులేని రంగు. తెల్లగోడ ముందు తెల్ల కాక్ కనబడదు.

మైపాడు_గాలి · శుక్రవారం రాత్రి 10:02

జిమ్ గురించి నేను చెప్తానన్నా. కొత్తవి కొనొద్దు, ఉన్నవి విప్పండి. ఐదూ బిగుసుకుపోయాయంటే ఐదింటికీ బేరింగే పోయుంటది. ప్లాస్టిక్ మూత పీకితే లోపల సర్‌క్లిప్ (పట్టి ఉంచే ఇనుప రింగు), దాని వెనకాల బేరింగు. బేరింగు అంచు మీద నంబరు చెక్కుంటది. 6205 2ఆర్ఎస్ అని ఉంటే రెండు పక్కలా రబ్బరు సీలున్నదని. అదే నంబరు, అదే సీలు తేవాలి. సీలు లేనిది చవకని తెస్తే ఉప్పుగాలికి మూణ్ణెల్లు కూడా రాదు. పన్నెండు పరికరాలకీ బేరింగులు మార్చినా ఒక కొత్త పరికరం ధరకి చాలా తక్కువే అవుద్ది.

మూత పోయినాక ఎవరూ మళ్ళా పెట్టరు చూడండి, అక్కడే మొదలయ్యేది. వాన నీళ్ళు, ఇసక లోపలికి పోతాయి. మూతలు ఇరవై అదనంగా తెచ్చి పెట్టుకోండి.

కొత్తది కొనాల్సొస్తే హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచడం) చేసి ఆపైన రంగేసిందే అడగండి. ఉత్త పౌడర్ కోటింగ్ అయితే గీత పడ్డ కాడ్నించి తుప్పు రంగు కిందకి పాకతా పోతది, బయటికి నున్నగానే కనపడతది. వెల్డింగ్ అతుకుల దగ్గర స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి, లోపలికి దిగితే ఆ పరికరాన్ని అప్పుడే ఆపేయాల. పునాది బోల్టులు నేల కంటే పైన ఉంటే వాటికి టోపీ నట్లు వేయండి, పిల్లోళ్ళ కాళ్ళు తెగతాయి.

ఇంకొకటి, జిమ్ పడమటి పక్కన ఉంటే సాయంత్రం ఆరైనా ఇనుం పట్టుకోలేరు. కానుగ చెట్లు పెట్టండి. కోనోకార్పస్ వద్దే వద్దు, దాని వేర్లు డ్రైన్ల మీదకే పోతాయి.

చీమకుర్తి_దారి · శనివారం ఉదయం 7:20

కూర్చునే బెంచీలకి మా వైపు నల్ల గ్రానైట్ చవగ్గా వస్తుందని చాలామంది వేయిస్తారు. నల్లరాయి ఎండని దాచుకుంటుంది, వేసవిలో దీపాలు పెట్టే వేళ దాకా కూర్చోలేరు. లేత బూడిద రంగు రాయి తీసుకోండి. కొలను చుట్టూ, మరుగుదొడ్లలో పాలిష్ చేసిన రాయి అస్సలు వద్దు. అదే రాయి లెదర్ ఫినిష్‌లో అడిగితే తడిలోనూ కాలు పట్టు దొరుకుతుంది. మార్కాపురం పలకరాయి కూడా గరుకుగానే ఉంటుంది, నడకబాట అంచులకి బాగుంటుంది.

దర్గామిట్ట_అక్క · శనివారం ఉదయం 11:36

ఇన్ని పోస్టుల్లో ఆడవాళ్ళ మరుగుదొడ్డి తాళం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఫిల్టరుకి ముందు ఆ తాళం తీయించండి. అది మూసి ఉన్నన్నాళ్ళూ మీ కేంద్రం సగం ఊరిదే.

తాళం ఎందుకు పడిందో కనుక్కోండి. సాధారణంగా మూడు కారణాలుంటాయి: నీళ్ళు రావు, గొళ్ళెం విరిగింది, శుభ్రం చేసే మనిషి లేదు. పైన 1,000 లీటర్ల ట్యాంకు దీనికే విడిగా పెట్టండి. కొలను ట్యాంకుతో కలిపితే కొలను నింపేరోజు ఇక్కడ చుక్క రాదు. గొళ్ళేలు స్టీలువి, ప్రతి తలుపుకీ రెండు. మూతున్న చెత్తబుట్ట, సంచి తగిలించే కొక్కెం, తలుపు కింద సందు లేకుండా. గోడకి ఒక కాగితం, శుభ్రం చేసిన టైము, సంతకం, రోజుకు నాలుగుసార్లు. శుభ్రత పని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) పొదుపు సంఘానికి అప్పగిస్తే మంచిది, మరుగుదొడ్డి వాడేవాళ్ళే దాన్ని చూసుకునేవాళ్ళవుతారు.

ఈత బ్యాచ్ ఆడవాళ్ళకి తెల్లవారుజామున పెట్టి ఎవరూ రావట్లేదంటారు. ఆ వేళ ఇంట్లో క్యారేజీలు కట్టాలి. పిల్లల్ని బడికి పంపాక పది నుంచి పదకొండున్నర సరైన వేళ, కానీ ఎండ. లోతు తక్కువున్న చివర పైన 75 శాతం షేడ్ నెట్ కట్టండి, నీళ్ళలో క్లోరిన్ కూడా కొంచెం నిలుస్తుంది. ఆ గంటన్నర ఆడ లైఫ్‌గార్డే ఉండాలి, పంపు గది మనిషి కూడా కొలను వైపు రాకూడదు. ఇది మాటగా కాదు, నియమంగా రాయాలి.

రైలుకట్ట_వీధి · శనివారం మధ్యాహ్నం 2:10

అక్కా, మీరన్నది నిజం. నీళ్ళ కనెక్షను కొలను లైనులోంచే ఉంది, అందుకే మూశారట. సోమవారం విడి ట్యాంకు పెట్టించే పని మొదలుపెడతాం.

కనిగిరి_నీళ్ళు · శనివారం సాయంత్రం 5:25

తాగునీళ్ళు కూడా చూసుకోండి. మా కనిగిరి వైపు అయితే బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ మొదటి ప్రశ్న. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి వాడకూడదు. మీ తీరంలో ఉప్పు. ల్యాబులో ఒకసారి పరీక్ష చేయించకుండా ఆర్ఓ కొనకండి. ఆర్ఓ పారబోసే నీళ్ళు మరుగుదొడ్ల ఫ్లష్ ట్యాంకుకి కలపండి. మొక్కలకి, ఇంకుడు గుంతకి వద్దు, బయటికి తీసిన ఉప్పునే మళ్ళీ నేలలోకి పంపినట్టవుతుంది.

లెక్కలపుస్తకం · శనివారం రాత్రి 9:05

డబ్బు లెక్కకి వద్దాం. అంకెలు మీ ఊరివి వేసుకోండి, పద్ధతి ఇది.

రెండు కోర్టులు, ఉదయం నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు. రోజుకు 16 గంటల స్లాట్లు, స్లాటుకి నలుగురు, 64 మంది. నెలకు మనిషికి 500 అనుకుంటే 32,000. కొలనులో శాండ్‌ఫిల్టర్ గారు చెప్పిన 70 మంది, 700 చొప్పున 49,000. కలిపి 81,000. ఇద్దరు లైఫ్‌గార్డులు, ఒక ఆపరేటరు, ముగ్గురు శుభ్రతకి, ఇద్దరు వాచ్‌మన్లు, ఎనిమిది మంది. మనిషికి 12,000 వేసినా 96,000. ఇంకా కరెంటు, మందులు రాలేదు. కాబట్టి పని మీరు చేయించినా కరెంటు బిల్లు, వాచ్‌మన్ల జీతాలు, శుభ్రత మనుషుల జీతాలు మున్సిపాలిటీ భరించాలని ఒప్పందంలోనే ఉండాలి. ఇది ఒప్పుకోకపోతే సంతకం పెట్టకండి, ఆరో నెలలో తాళం పడుతుంది.

వసూలైన ప్రతి వందలో 15 విడిభాగాల ఖాతాలో వేసి ముట్టుకోకుండా ఉంచండి. బేరింగులు, వాషర్లు, గాస్కెట్లు, డీపీడీ మాత్రలు దాంట్లోంచే.

నడకబాటకి, పిల్లల ఆటస్థలానికి ఫీజు పెట్టకండి. అది ఊరి స్థలం.

కొత్తపట్నం_కెరటం · శనివారం రాత్రి 9:31

ఫీజు పెడితే పేద పిల్లలు షటిల్ కోర్టు గడప దాటరు కదా సార్. మొత్తం ఉచితంగా ఉంచి దాతల్ని అడిగితే?

ఒంగోలు_షటిల్ · శనివారం రాత్రి 9:44

దాతలు బోర్డు మీద పేరు పడే వస్తువులకి ఇస్తారు, వాషర్లకి, జీతాలకి ఇచ్చేవాళ్ళు అరుదు. బదులుగా సాయంత్రం మూడున్నర నుంచి ఐదు దాకా రెండు కోర్టులూ బడిపిల్లలకి ఉచితం చేయండి, పెద్దల స్లాట్లు ఐదు తర్వాతే. నైలాన్ కాక్‌లు, పది బ్యాట్లు కమిటీవే ఉండాలి, బ్యాటు లేని పిల్లాడు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు.

దర్గామిట్ట_అక్క · ఆదివారం ఉదయం 8:18

పిల్లల ఆటస్థలం సంగతి కూడా చెప్పేస్తాను. జారుడుబల్ల, ఊయల కింద సిమెంటు ఉంటే పగలగొట్టించి 30 సెంటీమీటర్ల లోతు ఇసుక పోయండి. ఊయల కింద ఇసుక నెలకే గుంట పడుతుంది, వారానికోసారి లాగాలి. ఊయల గొలుసు పైన తగిలే కొక్కెం సగానికి అరిగితే మార్చాలి, దూరం నుంచి కనబడదు, నిచ్చెనెక్కి చూడాలి. కడ్డీల మధ్య 9 నుంచి 23 సెంటీమీటర్ల ఖాళీ ఉంటే పిల్లల తల ఇరుక్కుంటుంది, అడ్డంగా ఇంకో కడ్డీ వేయించండి. గేటు దగ్గర మెట్టు పక్కనే వాలు దారి కావాలి, అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. చక్రాల కుర్చీకీ, కర్ర పట్టుకుని వచ్చే పెద్దవాళ్ళకీ అదే దారి.

రైలుకట్ట_వీధి · ఆదివారం ఉదయం 10:02

ఫౌంటెన్ మాట వెనక్కి తీసుకున్నాం. వరస ఇలా అనుకున్నాం: ఆర్‌సీసీబీలు, స్తంభాల మూతలు, మరుగుదొడ్డి ట్యాంకు ఈ నెలలో. రేకు స్క్రూలు సెప్టెంబరు లోపు. బేరింగులు విప్పి నంబర్లు రాసుకోవడం వచ్చే ఆదివారం. రెండో ఫిల్టరుకి ఎస్టిమేటు.

ఒక అనుమానం. మా ఫిల్టరుకి వారానికి రెండుసార్లు బ్యాక్‌వాష్ పడుతోంది, అది నీళ్ళ వృథా అని కమిటీలో అభ్యంతరం. ఆ నీళ్ళు కొబ్బరిచెట్లకి పెట్టొచ్చా?

శాండ్‌ఫిల్టర్ · ఆదివారం ఉదయం 10:47

వృథా కాదండి. ఒక మనిషి దిగితే కొలనులో కనీసం 30 లీటర్ల కొత్త నీళ్ళు చేరాలని లెక్క. చెమట, ఒంటి నూనె, లవణాలు ఫిల్టరుకి దొరకవు, కొత్త నీళ్ళతో పలచబడాల్సిందే. 70 మందికి రోజుకు 2,100 లీటర్లు. మీ 900 ఎంఎం ఫిల్టరు నాలుగు నిమిషాల బ్యాక్‌వాష్‌లో పోయేది సుమారు 1,700 లీటర్లు. అంటే మీరు పారబోస్తున్నది అవసరమైన దానికంటే తక్కువే. ఆవిరైన నీళ్ళు ఈ లెక్కలోకి రావు, ఆవిరి ఉప్పుని కొలనులోనే వదిలేసి పోతుంది.

చెట్లకి పెట్టొచ్చు, నేరుగా కాదు. డ్రైను పైపు చివర 2,000 లీటర్ల తెరిచిన తొట్టి కట్టించండి. రెండు రోజులు ఎండలో నిలబడితే క్లోరిన్ పోతుంది, మడ్డి అడుగుకి దిగుతుంది. పైన తేట కొబ్బరికి, కానుగకి. లాన్‌కీ, పూలమొక్కలకీ వద్దు, ఉప్పుకి ఆకులు మాడతాయి. సయాన్యూరిక్ ఆమ్లం వేసిన వారం, పచ్చనీళ్ళు పోగొట్టడానికి ఎక్కువ మోతాదు క్లోరిన్ వేసిన వారం ఆ నీళ్ళు చెట్లకి కూడా పెట్టకండి. తొట్టికి ఇనుప జాలీ మూత వేసి తాళం వేయండి, పిల్లలు తిరిగే చోటు. జాలీ మీద దోమతెర కూడా బిగించండి, రెండు రోజులకి మించి నీళ్ళు నిలవనీయకండి.